ఎముకలో మిగిలిన తోడు

"పదకొండు గాలె ఇంకా. పది నిమిషాలు తక్కువున్నది" అంది ఆండాళు.

ప్రయోగశాలలో ఉన్నవాళ్లు చేతిలో పని ఆపేశారు. గడియారం తలుపు పైన, ఎత్తున ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్ల ఆండాళు పదహారో ఏటి నుంచి నడుము వంగి, మెడ బిగుసుకుపోయి, ఎదుటి మనిషి పాదాలను తప్ప ముఖాన్ని చూసి ఎరగదు. టైము కావాలంటే ఎవరినో ఒకరిని అడగాల్సిందే. ఇప్పుడు గోడకు చేయి ఆనించి, తల ఎత్తి, తనంతట తానే చూసి చెప్పింది.

చెల్లెలు అనసూయ చేతిలోని గాజు నాళికను స్టాండులో పెట్టి, "మల్ల చెప్పక్కా" అంది.

"ఏందే, నీకు చదువొస్తదిగా. నువ్వే చూస్కో."

ల్యాబ్ టెక్నీషియన్ ఖాజా మియా అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

గుండ్లబావి నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. తాగిన నీరు తాగినట్టే పోదు, ఎముకలోని సున్నంతో కలిసి గట్టిపడుతుంది. కీళ్లు బిగుస్తాయి, వెన్ను విల్లులా వంగుతుంది. ఆండాళు ఆ నీళ్లే తాగి పెరిగింది. అనసూయను మాత్రం ఐదో ఏట సర్కారు హాస్టల్లో వేశారు. అక్కడి నుంచి హాస్టళ్ల మీదుగానే నల్లవాగు విశ్వవిద్యాలయం దాకా వచ్చింది, అక్కడే డాక్టరేటు చేసి, అక్కడే పదకొండేళ్లుగా కాంట్రాక్టు అధ్యాపకురాలిగా సూక్ష్మజీవశాస్త్రం చెబుతోంది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరు నిటారుగా, ఒకరు వంగి ఉండడానికి కారణం ఆ హాస్టల్ నీళ్లేనన్న సంగతి అనసూయ ఎప్పుడూ మరిచిపోలేదు.

గుండ్లబావిలోనే పాడుబడ్డ ఒక బావి గోడ పెచ్చుల్లో ఆమెకు ఆ క్రిమి దొరికింది. ఫ్లోరైడును తిని బతికే క్రిమి. దాన్ని మనిషి రక్తంలో బతికేలా, రక్తంలోంచి ఎముకలోకి చేరేలా మలచడానికి ఏడేళ్లు పట్టింది. ఎముకలోని ఫ్లోరైడును అది కొద్దికొద్దిగా తినేస్తుంది. తర్వాత ఆ ఖాళీల్లో మంచి కాల్షియం నింపాలి. అంతా కలిపి రెండేళ్ల వైద్యం, నలభై రోజులకొక ఇంజెక్షను.

చిక్కల్లా ఒక్కటే. ఆ క్రిమిని గడ్డకట్టించి దాచుకోవడానికి లేదు. ఫ్రీజర్లో పెడితే బతికేది గాని ఫ్లోరైడు తినడం మరిచిపోయేది. ఒళ్లు వెచ్చన ఎంతో అంత వెచ్చన ఎప్పుడూ ఉండాలి, ఆరు గంటలకోసారి మేత వేయాలి, పాత దాంట్లోంచి కొంచెం తీసి కొత్త దాంట్లో కలుపుతూ పోవాలి. ఖాజా మియా దానికి 'తోడు' అని పేరు పెట్టాడు. "ఇది పెరుగు తోడే మేడం. ఒక్కపూట మరిస్తే ఇంట్ల పెరుగు లేనట్టే" అనేవాడు.

మరో ఊళ్లో మరో తోడు ఉంచాలని, జనరేటరు కావాలని అనసూయ పైవాళ్లకు నాలుగుసార్లు రాసింది. నాలుగుసార్లూ ఒకటే జవాబు: "నిధులు విడుదలైన పిమ్మట పరిశీలించబడును."

ఎథిక్స్ కమిటీ అనుమతితో గుండ్లబావి నుంచి ఇరవై రెండు మందిని తీసుకున్నారు. మందు మనిషికి పడుతుందో లేదో చూడడానికి మొదటి ఇంజెక్షను ఆండాళే వేయించుకుంది. అది నిలదొక్కుకున్నాక మాత్రం ప్రతి విడతలోనూ అందరి తర్వాతే కూర్చునేది. "మా చెల్లెకు నేనంటే పక్షపాతమని అనొద్దు గద" అనేది.

*

ఫిబ్రవరిలో వీసీ పిలిచి కాగితం చూపించాడు. ఆయన చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. పోయిన ఏడు శాసనసభ మంజూరు చేసిన గ్రాంటులో సగం ఖజానా దాటి రాలేదు. వచ్చింది జీతాలకూ పింఛన్లకూ చాలలేదు. కరెంటు బకాయి పేరుకుపోయింది.

"ఈసారి పద్దు పెరిగితే తప్ప ఏప్రిల్ తర్వాత నేను మీకు మాటియ్యలేను మేడం" అన్నాడు. "ఎమ్మెల్యేను పట్టుకోండి. సభలో ఎవరైనా మాట్లాడితే కదులుద్ది."

ఎమ్మెల్యే ముకుందరెడ్డి శ్రద్ధగానే విన్నాడు. ఉన్నత విద్య పద్దు రోజున లేచి మాట్లాడతానన్నాడు. ఆండాళును కూడా తీసుకురమ్మన్నాడు. "సభల చూపిస్త. చెప్తే వినరు, చూస్తే వింటరు" అన్నాడు.

అలా అక్కాచెల్లెళ్లు మార్చి చివర్లో రాజధానికి వెళ్లి, పాసులు తగిలించుకుని, సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నారు. ఆండాళు చేతికర్రను గేటు దగ్గరే తీసేసుకున్నారు. కొత్త చీర కట్టుకుంది. కింద సభ సరిగా కనిపించడం లేదని లేచి నిలబడబోతే మార్షల్ వచ్చి భుజం మీద తట్టాడు.

"అమ్మా, ఇక్కడ నిలబడొద్దు. కూసోవాలె."

ఆండాళు కూర్చుని చెల్లెలి చెవిలో అంది. "ఇన్నేండ్లకు నిలబడొస్తే, నిలబడొద్దంటడు."

పొద్దున ఏదో భూముల గొడవ మీద ప్రతిపక్షం బయటికి వెళ్లిపోయింది. సగం కుర్చీలు ఖాళీ. పద్దుల మీద చర్చకు అదే ఆఖరు రోజు. గడువైపోయాక మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండానే ఓటుకు పెట్టేస్తారన్న సంగతి అనసూయకు తెలియదు. ఎమ్మెల్యేకు తెలిసే ఉండాలి. సభాపతి కాగితం చూసి ఒక్కో పద్దు నంబరూ చదువుతున్నాడు.

"ఆమోదించేవారు అవును అనండి."

"అవును" అన్నాయి కొన్ని గొంతులు.

"వ్యతిరేకించేవారు కాదు అనండి."

ఎవరూ అనలేదు.

"ఆమోదించడమైనది."

మరో నంబరు. మళ్లీ అవును. ఇంకో నంబరు. ముకుందరెడ్డి పక్కనున్నాయనతో ఏదో మాట్లాడి నవ్వుతున్నాడు. అనసూయ చేతిలోని పద్దుల జాబితాలో వేలు పెట్టుకుని వెంబడిస్తోంది. వేలు ఉన్నత విద్య దగ్గరికి వచ్చింది, ఆ నంబరు వినబడింది, అవును అన్నారు, వేలు దిగిపోయింది.

ఆండాళు చీర కొంగు సర్దుకుని, ముందుకు వంగి, ఓపికగా చూస్తోంది. కాసేపయ్యాక అడిగింది. "మనది ఎప్పుడొస్తదే?"

"అయిపోయిందక్కా."

"ఎప్పుడు? ఎవలన్న మాట్లాడిన్రా?"

"లేదు. అవునన్నరు."

"అవునన్నరంటే మంచిదే గద" అంది ఆండాళు.

అవునని ఆమోదించింది పోయినేటికంటే తగ్గించిన మొత్తాన్ని.

బయట వరండాలో ముకుందరెడ్డిని పట్టుకుంటే, "టైం దొరకలే మేడం, మీరే చూసిన్రు. అయినా పద్దు పాసయింది గద, ఇంకేంది?" అన్నాడు.

"తగ్గించి పాస్ చేసిన్రు సార్. పోయినేడు పాసయిందే ఇంకా రాలే."

"యూనివర్సిటీలకు ఎంత పోసినా గంతే మేడం. బూడిదల పోసినట్టు. రోడ్డడుగుండ్రి, ఏపిస్త. కమ్యూనిటీ హాలడుగుండ్రి. కండ్లకు కనవడేది ఏదన్న అడగాలె."

"మా అక్క కనవడ్తలేదా సార్?"

అతను ఆండాళు వైపు మెచ్చుకోలుగా చూశాడు. పీఏను పిలిచి, ఆమె పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

*

ఏప్రిల్ నెలాఖరుతో కాంట్రాక్టు అధ్యాపకుల గడువు తీరింది, పొడిగింపు రాలేదు. ఖాజా మియాకు జీతమిచ్చే ఏజెన్సీ అంతకుముందే చేతులెత్తేసింది. బకాయి కింద కరెంటు వాళ్లు పరిపాలనా భవనంతో సహా మొత్తం క్యాంపస్‌కు సరఫరా తీసేశారు. క్యాంపస్ ఖాళీ అయింది. కుక్కలు తరగతి గదుల్లో పడుకున్నాయి.

ఇలాంటి క్రిమిని ఇళ్లల్లో ఉంచడానికి అనుమతి లేదు గనుక అనసూయ, ఖాజా మియా మాత్రం రోజూ వచ్చారు. ఖాజా మియా ఇంటి నుంచి గ్యాసుపొయ్యి తెచ్చాడు. రాత్రి చల్లబడితే నీళ్లు వెచ్చబెట్టి తోడు సీసాలను అందులో ఉంచేవాడు. ఇద్దరూ వంతులేసుకుని మేత వేసేవారు. మే నెల వచ్చేసరికి కష్టం తిరగబడింది. ఇప్పుడు వెచ్చబెట్టడం కాదు, చల్లార్చడం కావాలి. రేకుల కప్పు కింద మధ్యాహ్నం గది కొలిమిలా ఉండేది. చెరకురసం బండి దగ్గర ఐసుగడ్డలు కొని తెచ్చి, పొట్టులో చుట్టి, సీసాల చుట్టూ పేర్చేవాళ్లు. ఎక్కువ పెడితే చల్లబడుతుంది, తక్కువైతే ఉడికిపోతుంది. ఖాజా మియా థర్మామీటరు ముందు స్టూలేసుకుని, తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని, గంటలకు గంటలు కదలకుండా కూర్చునేవాడు.

"ఇంటికి పోయి కొంచెం పండుకో భాయ్" అంటే, "నేను పోతే ఇది నిద్రపోతది మేడం" అనేవాడు.

ఆ విడత ఇంజెక్షన్లు మే మొదటివారంలో మొదలుపెట్టి, రోజుకు కొందరి చొప్పున అందరికీ వేశారు. ఆఖరున ఆండాళుకు వేశారు. అది జరిగిన ఆరో రోజు, ఊళ్లో ఐసు దొరక్క అనసూయ పక్క మండలం దాకా స్కూటీ మీద వెళ్లి వచ్చింది. వచ్చేసరికి ఖాజా మియా స్టూలు పక్కన నేల మీద పడి ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట లేదు. పిలిస్తే పలకలేదు.

థర్మామీటరు నలభై ఒకటి చూపిస్తోంది. తోడు నలభై రెండు వరకే ఓర్చుకుంటుంది. చేతిలో ఉన్న ఐసు ఒక్కదానికే సరిపోతుంది.

అనసూయ ఆ ఐసును అతని మెడ మీద, చంకల్లో పెట్టింది. పరిపాలనా భవనం దాకా పరుగెత్తి, వాచ్‌మన్‌ను పిలుచుకొచ్చి, ఆటోలో జిల్లా ఆసుపత్రికి చేర్చింది. అతను కళ్లు తెరిచేవరకు అక్కడే కూర్చుంది. తిరిగి వచ్చి చూస్తే థర్మామీటరు నలభై నాలుగు దగ్గర ఉంది. సీసాల్లో పాలలా తెల్లగా ఉండాల్సిన ద్రవం విరిగి అడుగుకు దిగింది. ప్రతి సీసా నుంచీ ఒక్కో చుక్క తీసి పరీక్షించింది. ఏ చుక్కలోనూ ప్రాణం లేదు.

మర్నాడు ఖాజా మియాకు చెప్పక తప్పలేదు. అతను పైకప్పు వైపు చూస్తూ, "నన్ను ఇడిసిపెట్టి దాన్ని చూస్కోవలసింది మేడం. నాకు అరవై ఏండ్లు. వాళ్లు ఇరవై రెండు మంది" అన్నాడు.

ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఫ్లోరైడు పోయిన ఎముక ఇప్పుడు చెద తిన్న వాసం. చాలామందికి ఇంకో రెండు విడతలు పడి, ఆ వెనక కాల్షియం ఎక్కితేనే గట్టిపడుతుంది. మధ్యలో ఆగితే వంగి ఉన్నప్పటికంటే అన్యాయం. తుమ్మితే పక్కటెముక విరుగుతుంది. మొదలే పెట్టకుండా ఉంటే బాగుండేదనుకోవాల్సిన స్థితి.

తోడు ఇంకా బతికి ఉన్న చోటు ఒక్కటే ఉంది. అది ఇంజెక్షను వేసిన పది రోజుల వరకే మూలుగలో చిక్కగా ఉంటుంది. మిగతావాళ్లకు ఆ గడువు దాటిపోయింది, లేదా దాటబోతోంది. ఆండాళుకే ఇంకా మూడు రోజులుంది.

అనసూయ ఆ సంగతి అక్కకు చెప్పలేదు. ఖాజా మియాను చూడ్డానికి బత్తాయిలు తీసుకుని వెళ్లిన ఆండాళు అతని నోటి నుంచే అంతా విని, నేరుగా చెల్లెలి గదికి వచ్చింది.

"ఇంట్ల తోడు లేకపోతే పక్కింట్ల అడుక్కొచ్చుకోమా? నా దగ్గరున్నదంట గద. తీస్కో."

"అది గిన్నెల కెల్లి తీసుడు గాదక్కా. తుంటి ఎముకల సూది దించాలె. ఒక్క దగ్గర గాదు, ఏడెనిమిది దగ్గర్ల. నీ ఎముక ఇప్పుడు లోపల ఉత్తదే. పలుగుతది."

"తీయకుంటే?"

అనసూయ అబద్ధం చెబుదామనుకుంది. చెప్పలేకపోయింది. "నీకు అందరికన్న ముందు మొదలుపెట్టినం. ఇప్పుడు లోపలున్నది దాని పని అది చేసిందంటే, ఇంగ కాల్షియం ఎక్కియ్యొచ్చు. నీ ఒక్కదానికి సరిపోతది. నువ్వు మంచిగైతవ్."

"నేనొక్కదాన్నేనా?"

"నువ్వొక్కదానివే."

ఆండాళు మంచం మీద కూర్చుంది. అనసూయ ఆమె మనసు మారాలని మొక్కుకుంది.

"నాకు కోపమొస్తుందే" అంది ఆండాళు చివరికి. "ఎవల మీదనో తెల్వదు. ఆడ అవునన్నోళ్ల మీదనా, నీ మీదనా. నేనేం దేవతను గాను. నాకు నడవాలని ఉన్నది. బజారుకు పోయి బేరం చెయ్యాలని ఉన్నది."

"అయితే ఊకో. నేనెవలికి చెప్ప. ఖాజా భాయ్ గూడ చెప్పడు."

"చెప్పకుంటే తెల్వదా? నాతోని సూదులేపిచ్చుకున్న సాయిలు మొన్న ఎడ్లబండి తోలిండు. ఎల్లమ్మ మనవరాలిని సంకకెత్తుకున్నది. ఆళ్లందరు పడిపోతుంటే నేనొక్కదాన్నే నిటారుగ ఊళ్లె తిరగాలె. ఆళ్ల మొఖాలు ఎట్ల చూడాలె? వంగి ఉన్నప్పుడన్న మొఖాలు కనవడకపోతుండె."

అనసూయ ఏడ్చింది. ఆండాళు ఏడవలేదు. "సూది నువ్వు దించకు. నీ చెయ్యి వణుకుతది. డాక్టరుతోని చేపియ్యి" అంది.

జిల్లా ఆసుపత్రిలో ఎముకల డాక్టరు మొదట ఒప్పుకోలేదు. ఆండాళు వేలిముద్ర కాదు, తన చేత్తో సంతకం చేసి ఇచ్చాక ఒప్పుకున్నాడు. ఆరోసారి సూది దింపినప్పుడు శబ్దం వచ్చింది. ఎండిన కంది పుల్ల విరిచినట్టు. డాక్టరు చేయి ఆపి అనసూయ వైపు చూశాడు. సీసా ఇంకా నిండలేదు. మత్తులో సగం తెలివితో ఉన్న ఆండాళు "ఆపకుండ్రి" అంది.

*

బతికిన తోడును పెట్టుకోవడానికి క్యాంపస్‌లో కరెంటున్న గది లేదు. రెండు రోజులు అనసూయ దాన్ని ఆసుపత్రి ప్రసూతి వార్డులో ఇంక్యుబేటరు పక్కన పెట్టుకుంది. మూడో రోజు వీసీ ఫోన్ చేసి, నగరం అంచున ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ముందుకొచ్చిందని చెప్పాడు. వాళ్ల దగ్గర నాలుగు జనరేటర్లున్నాయి. తోడు మీద హక్కులన్నీ వాళ్లవి. అందుకు బదులుగా గుండ్లబావి రోగులకు వైద్యం ఉచితంగా పూర్తి చేస్తారు.

ఒప్పందం కాగితాల్లో రోగుల జాబితా చూసింది అనసూయ. ఇరవై ఒక్క పేర్లున్నాయి.

"ఆండాళుగారి తుంటి విరిగింది కదా" అన్నాడు అక్కడి పరిశోధన విభాగం అధిపతి. మర్యాదగానే అన్నాడు. "ఆవిడ్ని కలిపితే ఫలితాలు దెబ్బతింటాయి. పైగా ఇకమీదట ఆవిడకు ఇచ్చినా అతుక్కుంటుందన్న నమ్మకం లేదు. మీకు తెలీనిది కాదు."

"ఇప్పుడు మీ చేతిల ఉన్నదంతా ఆమె తుంటిల కెల్లి వచ్చిందే సార్."

"అందుకు మేం ఎంతో రుణపడి ఉన్నాం" అన్నాడాయన.

సంతకం చేయకపోతే సాయంత్రం మేత వేయడానికి చోటు లేదు. చేసింది.

ఇరవై ఒక్కమందీ మెల్లగా బాగుపడ్డారు. మొదట్లో వారానికొకరైనా వచ్చి ఆండాళును చూసి వెళ్లేవారు. సాయిలు చెరకు గడలు తెచ్చాడు. ఎల్లమ్మ మనవరాలిని తెచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. నిటారుగా ఉన్న మనిషి మంచంలో ఉన్న మనిషి ఎదుట ఎంతసేపు నిలబడగలడు? తర్వాత తర్వాత దారిలో కనబడితే అనసూయను క్షేమం అడిగి పోయేవారు. ఆండాళు విరిగిన తుంటి అతుక్కోలేదు. నడుము మళ్లీ వంగలేదు, అదొక్కటే తేడా. తిన్నగా పడుకుంది.

నల్లవాగులో సూక్ష్మజీవశాస్త్ర విభాగాన్ని వృక్షశాస్త్రంలో కలిపేశారు. ఖాజా మియా మనవడి కిరాణా కొట్లో కూర్చుంటున్నాడు. అనసూయ ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతోంది.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. మంత్రి పేషీ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ప్రసంగంలో చేర్చడానికట.

"బాగయిన పేషెంట్లు ఇరవై రెండా మేడం, ఇరవై ఒకటా? రెండు కాగితాల్ల రెండు తీర్ల ఉన్నది."

"ఇరవై ఒకటి. ఇరవై రెండో మనిషి మా అక్క. ఆమె..." అంటూ జరిగిందంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"బాధాకరం మేడం. ఇరవై రెండనే రాసుకుంట. మొదలుపెట్టింది అంతమందితోనే గద" అన్నాడు.

ఈసారి ఉన్నత విద్య పద్దు మీద చర్చ జరిగింది. ఆదివారం కాకపోయినా అనసూయ సెలవు పెట్టి ఇంట్లో ఉంది. టీవీ ఆండాళు మంచానికి ఎదురుగా ఉంది గాని, ఆండాళు గోడ వైపు తిరిగి పడుకుని వింటోంది. ఆ పక్కకు తిరిగితేనే నొప్పి తక్కువ.

మంత్రి మాట్లాడుతున్నాడు. నల్లవాగు విశ్వవిద్యాలయం ఖజానా మీద అదనపు భారం వేయకుండానే ఇరవై రెండు మంది ఫ్లోరైడు బాధితులను నిలబెట్టిందన్నాడు. నిధులు లేవని చేతులు కట్టుకు కూర్చునే మిగతా విశ్వవిద్యాలయాలు దీన్ని చూసి నేర్చుకోవాలన్నాడు. పట్టుదల ఉంటే గ్రాంటు అక్కర్లేదని రుజువైంది కనుక, ఈ ఏడు పద్దును ఆ మేరకు సవరిస్తున్నామన్నాడు. సభ దద్దరిల్లింది.

"గా చప్పుడేంది?" అంది ఆండాళు.

"బల్లలు చరుస్తున్నరక్కా."

"ఎందుకు?"

"నువ్వు లేచి నిలబడ్డవంట."

టీవీలో సభాపతి పద్దు నంబరు చదివి, ఆమోదించేవారిని అవుననమన్నాడు. అన్నారు.

"ఈ పక్క తిమ్మిరెక్కింది. అటు మల్పు జర" అంది ఆండాళు.

అనసూయ టీవీ ఆపేసి వచ్చింది. ఒక చేయి నడుము కింద, ఒక చేయి మోకాళ్ల కింద పోనిచ్చి, ఎక్కడా ఒత్తిడి పడకుండా, ఊపిరి బిగబట్టి, అక్కను రెండో పక్కకు తిప్పింది.